కెరటాల మీద లెక్కల గస్తీ

అంతులేని సముద్రం. అందులో ఎక్కడో ఒక పడవ. దాని కడుపులో కోట్ల రూపాయల దొంగసరకు. పట్టుకోవడానికి ఉన్నవి మూడో నాలుగో నౌకలు. ఎటు వెళ్లాలి? ఎక్కడ కాపు కాయాలి? ఒకప్పుడు కెప్టెన్ అనుభవమే దీనికి జవాబు చెప్పేది. ఇప్పుడు ఆయన పక్కన మరో సలహాదారు చేరింది... గణితం!

2019 జూన్ 18. తూర్పు పసిఫిక్ మహాసముద్రం. ఒళ్లంతా నీళ్లలో దాచుకుని వీపు మాత్రం పైకి కనిపిస్తూ ఓ వింత పడవ దూసుకుపోతోంది. అమెరికా కోస్ట్‌గార్డ్ నౌక 'మన్రో' నుంచి దిగిన చిన్న బోట్లు దాన్ని తరుముతున్నాయి. 'పడవ ఆపండి' అంటూ స్పానిష్‌లో అరుపులు. పడవ ఆగలేదు. బోటు దాని పక్కకు చేరగానే ఒక జవాను ఉన్నట్టుండి దాని మీదికి దూకేశాడు. పైనున్న మూతను పిడికిలితో దబదబా బాదాడు. మూత తెరుచుకుంది. లోపల దాదాపు 7.7 టన్నుల కొకైన్! విలువ 23 కోట్ల డాలర్లకు పైనే.

తర్వాతి నెలలో ఆ వీడియోను కోస్ట్‌గార్డ్ విడుదల చేస్తే ప్రపంచమంతా కళ్లప్పగించి చూసింది. అందరూ ఆ జవాను సాహసం గురించే మాట్లాడుకున్నారు. నిజానికి అంతకంటే ముందు ఆశ్చర్యపోవాల్సిన సంగతి ఒకటుంది. అంత సముద్రంలో సరిగ్గా ఆ పడవ పక్కకే ఓ నౌక చేరడం ఎలా సాధ్యం? అదెంత కష్టమో తెలియాలంటే ముందు సముద్రం ఎంతుందో చూడాలి.

ఆంధ్రప్రదేశ్‌కు తొమ్మిది రోజులు

దక్షిణ అమెరికా నుంచి ఉత్తరానికి మత్తుమందులు వెళ్లే సముద్రప్రాంతాన్ని అమెరికన్లు 'ట్రాన్సిట్ జోన్' అంటారు. కరీబియన్ సముద్రం, గల్ఫ్ ఆఫ్ మెక్సికో, తూర్పు పసిఫిక్... అన్నీ కలిపి 60 లక్షల చదరపు మైళ్లు. మన దేశం లాంటివి నాలుగు పక్కపక్కనే పరిచినా ఇంకా ముప్పాతిక దేశమంత ఖాళీ మిగులుతుంది!

సరదాగా ఓ లెక్క వేద్దాం. ఒక గస్తీ నౌక 20 నాట్ల వేగంతో, అంటే గంటకు 37 కిలోమీటర్ల చొప్పున వెళుతోందనుకోండి. అటు పది, ఇటు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పడవను అది పసిగట్టగలదనుకుందాం. (నీళ్లలో మునిగి నడిచే పడవల విషయంలో ఇది చాలా ఉదారమైన అంచనా.) అంటే ఆ నౌక 20 కిలోమీటర్ల వెడల్పున సముద్రాన్ని ఊడ్చుకుంటూ పోతోందన్నమాట. గంటకు 740 చదరపు కిలోమీటర్లు. ఒక్క నిమిషం ఆగకుండా తిరిగితే రోజుకు 17,760. ఈ లెక్కన ఆంధ్రప్రదేశ్ అంత నీటిని ఒక్కసారి ఊడ్చి రావడానికి తొమ్మిది రోజులు పడుతుంది. ట్రాన్సిట్ జోన్ మొత్తానికైతే దాదాపు రెండేళ్ల అయిదు నెలలు!

ఈలోగా స్మగ్లర్ చేతులు ముడుచుకుని కూర్చోడు. పడవకు మూడు నాలుగు ఇంజిన్లు బిగించి గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఉరికిస్తాడు. మన నౌక ఒక మూల ఊడుస్తుంటే మరో మూల నుంచి దాటేస్తాడు.

విమానాలున్నాయిగా అంటారా? ఉన్నాయి. పైనుంచి చూసే విమానం గంటలో చూసినంత మేర నౌక రోజంతా తిరిగినా చూడలేకపోవచ్చు. కానీ విమానం పడవను ఆపలేదు. కబురు చెబుతుంది, అంతే. ఆ కబురు అందుకుని వెళ్లేందుకు దగ్గర్లో ఒక నౌక ఉండాలి. లేకపోతే? అమెరికా దక్షిణ సైనిక కమాండ్ అధిపతిగా ఉన్న జనరల్ జాన్ కెల్లీ 2014 మార్చిలో సెనేట్ కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పేశారు. నౌకలూ విమానాలూ చాలకపోవడం వల్ల సముద్రంలో సాగే అనుమానిత రవాణాలో 74 శాతాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోతున్నామన్నారు.

అంటే గస్తీ ప్రణాళికలో అసలు తలనొప్పి ఎక్కడ వెతకాలన్నది కాదు, ఎక్కడ వెతక్కుండా వదిలేయాలన్నది. పైకి చెప్పుకోవడానికి ఏ అధికారికీ నచ్చని మాట ఇది. గణితం పని మొదలయ్యేది మాత్రం అక్కడే.

యుద్ధం నేర్పిన పాఠం

ఇది కొత్త సమస్యేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో సరకు ఓడల్ని వరసబెట్టి ముంచేస్తుంటే బ్రిటన్ గస్తీ విమానాలు వాటికోసం సముద్రమంతా గాలించేవి. ఫలితం అంతంతమాత్రం. అప్పుడు భౌతికశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం రంగంలోకి దిగింది. వాళ్లు చేసింది ఆయుధాలు తయారుచేయడం కాదు, పాత రికార్డులు ముందేసుకుని లెక్కలు కట్టడం.

గస్తీ విమానాల అడుగుభాగం అప్పట్లో నల్లగా ఉండేది. రాత్రిపూట బాంబులేసే విమానాలకు వేసే రంగది. పట్టపగలు ఆకాశంలో నల్లటి విమానం ఎంత దూరానికైనా కనిపిస్తుంది. శత్రువు చూస్తాడు, మునిగిపోతాడు. దాంతో ఆ రంగును తెలుపు చేయించారు. ఇక నీటిబాంబుల్ని 100 అడుగుల లోతున పేలేలా అమర్చేవారు. విమానం మీదికి వచ్చేసరికి జలాంతర్గామి ఇంకా పైపైనే ఉంటుంది కదా, అంత లోతెందుకు, 25 అడుగులు చాలన్నారు లెక్కలు కట్టినవాళ్లు. మునిగే జలాంతర్గాముల సంఖ్య పెరిగింది. అందుకోసం అదనంగా ఒక్క విమానమూ కొనలేదు!

ఆ తర్వాత అమెరికా నౌకాదళమూ ఇలాంటి బృందాన్ని పెట్టుకుంది. అందులో పనిచేసిన బెర్నార్డ్ కూప్‌మన్ అనే గణితాచార్యుడు 'వెతకడం' అనే పనికే ఓ సిద్ధాంతం రాశారు. 1946లో వచ్చిన ఆయన నివేదిక చాలాకాలం రహస్యపత్రంగానే ఉండిపోయింది. అందులోని ఒక సంగతి వింటే మనకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక ప్రాంతం విస్తీర్ణం ఎంతో సరిగ్గా అంత మేర గాలించారనుకోండి. అందులో ఉన్న పడవ నూటికి నూరుపాళ్లు దొరుకుతుందనే అనుకుంటాం. కానీ గాలింపు ఒక పద్ధతి లేకుండా సాగితే ఆ అవకాశం 63 శాతమే. ఎందుకంటే చూసినచోటే మళ్లీ చూస్తాం, కొన్నిచోట్లు తప్పిపోతాయి. రెండింతలు గాలిస్తే 86 శాతం, మూడింతలు గాలిస్తే 95 శాతం. మొదటి విడతలో 63 వచ్చింది, రెండో విడత శ్రమకు అదనంగా దక్కింది 23, మూడో విడతకు 9. ఇంధనం మాత్రం మూడుసార్లూ ఒకటే! మూడోసారి అక్కడే తిరిగే బదులు పక్క ప్రాంతానికి వెళ్లడం మేలు. ఎప్పుడు వదిలి వెళ్లాలో ఈ లెక్క చెబుతుంది.

అన్నట్టు, ఈ శాస్త్రం పేరు 'ఆపరేషన్స్ రీసెర్చ్'. ఎంబీయే చదివే పిల్లల దగ్గర ఆ మాటని చూడండి, పరీక్షలు గుర్తొచ్చి మొహం మాడ్చుకుంటారు. మన దేశంలో దీనికోసం తొలి విభాగం ఏర్పడింది హైదరాబాద్‌లోనే. 1949లో, ఇప్పుడు ఐఐసీటీగా పిలుచుకుంటున్న నాటి రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీలో. బ్లాకెట్ కూడా మనకు కొత్తవారు కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నెహ్రూ కోరిక మేరకు మన రక్షణ పరిశోధనలకు సలహాలిచ్చారు.

పోయిన దిద్దు ఎక్కడ?

ఇంట్లో అమ్మ చెవిదిద్దు పోయిందనుకోండి. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించారు. పడకగదిలో ఉండటానికి 40 శాతం, వంటింట్లో 30, స్నానాలగదిలో 20, పెరట్లో 10 శాతం అవకాశం ఉందని తేల్చారు. ముందు పడకగది వెతికారు. దొరకలేదు. ఇప్పుడేం చేయాలి? 'ఇక్కడ లేదు' అని కొట్టేయొచ్చా? మంచం కింద చీకట్లో ఉండి మన కంటపడలేదేమో!

ఉన్నా కనిపించకపోయే అవకాశం సగానికి సగం అనుకుందాం. అప్పుడు పడకగది వాటా 40 నుంచి 25కి దిగుతుంది. సున్నా మాత్రం కాదు. వంటింటి వాటా 30 నుంచి 37.5కి పెరుగుతుంది. స్నానాలగది 25, పెరడు 12.5 అవుతాయి. ఇక వంటింటి వంతు. అక్కడా దొరక్కపోతే మళ్లీ లెక్క మారుతుంది. పడకగదికి తిరిగి రావాల్సిన సమయం కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 18వ శతాబ్దంలో థామస్ బేస్ అనే ఇంగ్లిష్ పాదరి ఆలోచన నుంచి పుట్టిన సూత్రమిది. 'దొరకలేదు' అన్నది కూడా ఇందులో సమాచారమే.

దీని విలువ 2011లో లోకానికి తెలిసొచ్చింది. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్‌ఫ్రాన్స్ విమానం కోసం దాదాపు రెండేళ్లు వెతికారు. విమానంలోని పెట్టెలు పంపే ధ్వని సంకేతాల కోసం తొలిరోజుల్లోనే గాలించిన ప్రాంతాన్ని 'చూసేశాం, లేదు' అని పక్కన పెట్టేశారు. గణిత నిపుణులు ఆ లెక్కను తిరగదోడారు. ధ్వని పంపే యంత్రాలే పాడైపోయి ఉంటే? ఆ ఒక్క ప్రశ్నతో పటం మారిపోయింది. కొత్త పటం పట్టుకుని వెళితే సుమారు వారంలో శకలాలు దొరికాయి.

సముద్రం అడుగున పడి ఉన్న విమానం కదలదు. స్మగ్లర్ పడవ కదులుతుంది. అందుకే దీని పటం బ్లాటింగ్ పేపర్ మీద సిరాచుక్కలా గంటగంటకూ పాకుతూ పోతుంది. ఉదయం ఆరింటికి యాభై కిలోమీటర్ల వలయంలో ఉన్న అనుమానం సాయంత్రానికి అయిదారువందల కిలోమీటర్లకు విస్తరిస్తుంది. కబురు అందాక ప్రతి గంటా విలువైనదే అనడం ఇందుకే.

చింతగింజ ఏ చేతిలో?

ఇంతవరకూ ఒక ఎత్తు. చెవిదిద్దుకు తెలివితేటలు లేవు. మనం పడకగదికి వెళుతున్నామని అది వంటింట్లోకి పారిపోదు. స్మగ్లర్ అలా కాదు. మనం ఎటు చూస్తామో ఆలోచించి మరీ రెండోవైపు వెళతాడు.

చిన్నప్పుడు గుప్పిట్లో చింతగింజ దాచి 'ఏ చేతిలో ఉందో చెప్పుకో' అనే ఆట ఆడే ఉంటారు. ఎప్పుడూ కుడిచేతిలోనే దాచేవాడు ఓడిపోతాడు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ అని వంతులేసుకునేవాడూ ఓడిపోతాడు. గెలవాలంటే ఎదుటివాడికి అంతుపట్టకూడదు. దీన్నే గణితంలో గేమ్ థియరీ అంటారు.

ఉదాహరణకు స్మగ్లర్‌కు రెండు దారులున్నాయి. ఉత్తరపు దారిన పెద్దపడవలో 3 టన్నులు తేవచ్చు. దక్షిణపు దారిలో అలలెక్కువ, 1 టన్నుకు మించి కుదరదు. మనకున్నది ఒకటే నౌక. ఏ దారిలో కాపు కాస్తే ఆ దారిన వచ్చిన పడవ దొరికిపోతుంది. ఏం చేస్తారు?

ఎక్కువ సరకొచ్చేది ఉత్తరం కాబట్టి నౌకను అక్కడే పెట్టేశామనుకోండి. వాడు దక్షిణం పట్టుకుంటాడు. ట్రిప్పుకు 1 టన్ను మనల్ని దాటిపోతుంది. పోనీ సమన్యాయంగా సగం రోజులు అటు, సగం రోజులు ఇటు? అప్పుడు వాడు ఉత్తరాన్నే నమ్ముకుంటాడు. రెండుసార్లలో ఒకసారి దొరికినా సగటున ట్రిప్పుకు ఒకటిన్నర టన్నులు దాటుతుంది. ముందుకంటే నష్టం! అదే నాలుగు రోజుల్లో మూడు రోజులు ఉత్తరం, ఒకరోజు దక్షిణం చొప్పున, అదీ ఏ రోజు ఎటో ఎవరికీ తెలియకుండా తిరిగితే? ఏ దారిన వచ్చినా వాడికి సగటున దక్కేది ముప్పావు టన్నే. ఈ ఆటలో ఇంతకంటే మంచి ఎత్తు లేదు. కావాలంటే కాగితం మీద వేసి చూడండి.

ఇక్కడే ఉంది కిటుకు. 'నాలుగింట మూడు రోజులు ఉత్తరానికి వెళతాం' అని పేపర్లో ప్రకటన ఇచ్చినా మనకొచ్చే నష్టం లేదు! స్మగ్లర్ దాన్ని చదివినా అంతకుమించి లాభపడలేడు. దాచాల్సింది ఇవాళ ఎటు వెళుతున్నామన్నది ఒక్కటే. ముందు ఒకరు తన ఎత్తు ప్రకటిస్తే రెండోవాడు దాన్ని చూసి ఆడే ఇలాంటి ఆటల్ని 1934లో జర్మన్ ఆర్థికవేత్త స్టాకెల్‌బర్గ్ వ్యాపార సంస్థల పోటీ గురించి చెబుతూ వివరించారు. ఆయన పేరిప్పుడు భద్రతా ప్రణాళికల్లో వినిపిస్తోంది.

దాన్ని అక్కడికి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు మిలింద్ తాంబే. బిట్స్ పిలానీలో చదివి అమెరికా వెళ్లిన కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆయన బృందం 2007లో లాస్ ఏంజెలిస్ విమానాశ్రయంలో తనిఖీ కేంద్రాలు ఎప్పుడెక్కడ పెట్టాలో చెప్పే ప్రోగ్రాం తయారుచేసింది. 2011లో 'ప్రొటెక్ట్' పేరిట బోస్టన్ రేవులో కోస్ట్‌గార్డ్ గస్తీకి ఇదే పద్ధతి తెచ్చింది. అక్కడి శత్రువు స్మగ్లర్ కాదు, ఉగ్రవాది. సూత్రం ఒకటే. అందులో నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, ఎదుటివాడు ప్రతిసారీ తప్పులేకుండా లెక్కలేసి దిగుతాడని ఆ ప్రోగ్రాం అనుకోదు. మనిషన్నాక పొరపాట్లూ తొందరపాట్లూ ఉంటాయని ముందే లెక్కలో వేసుకుంటుంది.

పాచికలేసే పని కంప్యూటర్‌కెందుకు, కెప్టెన్ తనకు తోచినట్టు మారుస్తూ పోతే చాలదా అనిపించొచ్చు. చాలదు. 'నిన్న ఉత్తరం వెళ్లాం, ఇవాళ దక్షిణం' అన్న ధోరణి మనకు తెలియకుండానే వచ్చేస్తుంది. ఒడ్డున టీకొట్టు దగ్గర కూర్చున్న స్మగ్లర్ మనిషి నెల రోజుల్లో దాన్ని కనిపెట్టేస్తాడు. పైగా దారులు రెండే ఉండవుగా! పది చోట్లను ఏ వరసలో చుట్టి రావాలన్నదానికే 36 లక్షలకు పైగా విధాలున్నాయి. పదిహేను చోట్లయితే 1.3 లక్షల కోట్లు. దీనికి ఇంధనం, సిబ్బంది విశ్రాంతి, మరమ్మతులో ఉన్న హెలికాప్టర్ కూడా తోడైతే కాగితమూ పెన్సిలూ చేతులెత్తేస్తాయి.

గాలి, అల, ఓ కబురు

అమెరికాలో సముద్రం మీద మత్తుమందుల వేటను సమన్వయం చేసే కేంద్రం ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో ఉంది. గూఢచారుల నుంచి వచ్చే సమాచారం అక్కడికే చేరుతుంది. అది ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది. ఫలానా తీరం నుంచి, మంగళ గురువారాల మధ్య, ఒక వేగపు పడవ బయల్దేరొచ్చు... ఇలా. అందులో 'ఎక్కడ' సగం, 'ఎప్పుడు' సగం.

ఈ ముక్కను నౌకల ప్రయాణ పట్టికగా మార్చే లెక్కల మీద కనెక్టికట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఐఐటీ ఖరగ్‌పూర్ పూర్వ విద్యార్థి కృష్ణ పట్టిపాటి బృందం అమెరికా నౌకాదళ పరిశోధకులతో కలిసి 2010 తర్వాతి దశాబ్దంలో చాలా కృషి చేసింది. ముందు సోమాలియా సముద్రపు దొంగల కోసం మొదలైన పని స్మగ్లర్లకూ పనికొచ్చింది. ఆ పద్ధతి స్థూలంగా ఇదీ: పడవ బయల్దేరే సమయాలనూ వెళ్లగల దారులనూ రకరకాలుగా ఊహిస్తారు. ప్రతి ఊహనూ గాలి, అలల ఎత్తు, ప్రవాహాల అంచనాలతో సరిచూస్తారు. మూడు మీటర్ల అలలు లేస్తున్న చోటికి చిన్న పడవ వెళ్లదు కాబట్టి ఆ దారులు తేలిపోతాయి. మిగిలినవన్నీ ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఎక్కడ అవకాశం ఎక్కువో తెలిపే పటం తయారవుతుంది. దాన్ని చూసి విమానాలు ఎక్కడ వెతకాలో, అవి చూసిన పడవను సకాలంలో అందుకోవడానికి నౌకలు ఎక్కడ నిలవాలో కలిపి లెక్కిస్తారు. కొత్త కబురొస్తే పటం మళ్లీ మొదటికి.

వాతావరణం మాట మన మత్స్యకారులకు చెబితే నవ్వుతారేమో. ఏ గాలికి ఏ పడవ బయటికి వెళ్లదో తండేలుకు కంప్యూటర్ చెప్పాలా?

ఈ పటాలకో పెద్ద జబ్బుంది. గతంలో పడవలు దొరికిన చోట్లను బట్టి భవిష్యత్తును ఊహిస్తే, పటంలో తేలేది స్మగ్లర్లు ఎక్కడ తిరిగారన్నది కాదు... గస్తీ ఎక్కడ తిరిగిందన్నది! వెతకని చోట ఏదీ దొరకదు కదా. దొరకలేదు కాబట్టి అక్కడ ఎవరూ లేరనుకుంటే, స్మగ్లర్‌కు అంతకంటే కావాల్సిందేముంది? 1980ల్లో కరీబియన్ మీద నిఘా పెరిగితే రవాణా మెల్లగా పసిఫిక్ వైపు జరిగింది. పసిఫిక్ తీరం వెంట గస్తీ బిగిస్తే పడవలు తీరానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలోని గలాపగోస్ దీవుల అవతలి నుంచి చుట్టి వెళ్లడం మొదలైంది. అందుకే అవకాశం తక్కువని తెలిసినా కొన్ని రోజులు ఆ చోట్లకూ వెళ్లి తీరాలంటుంది గేమ్ థియరీ.

బడ్జెట్ చేసిన గస్తీ

మన సినిమాల్లో ఒకప్పుడు విలన్ అంటే సముద్రపొడ్డున టార్చిలైటు ఊపుతూ బంగారం బిస్కెట్ల కోసం ఎదురుచూసేవాడే. అది ఉత్తుత్తి కల్పనేం కాదు. 1960-70ల్లో సముద్రం మీదుగా బంగారం, వాచీలు, రేడియోలు అంతగా దిగేవి. 1977 ఫిబ్రవరి 1న మన కోస్ట్‌గార్డ్ ఏర్పడటానికి ఒక ముఖ్యకారణం ఆ దొంగరవాణాయే.

ఆ కథ ఇంకా ముగియలేదు. 2023 మే చివర్లో తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖలో డీఆర్ఐ, కోస్ట్‌గార్డ్ కలిసి శ్రీలంక నుంచి వస్తున్న చేపల పడవల్ని అడ్డగించి 32 కిలోలకు పైగా బంగారం పట్టుకున్నాయి. అందులో కొంత స్మగ్లర్లు సముద్రంలోకి విసిరేస్తే గజ ఈతగాళ్లు అడుగు నుంచి వెతికి తీశారు. అదే జలసంధిలో ఎదురుదిశలో గంజాయి వెళుతుంది. అందులో మన ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి లారీల్లో తమిళనాడు తీరానికి చేరేదీ ఉంది. అంటే పాడేరు కొండల దగ్గర తప్పిపోయిన లారీ, నాగపట్నం దగ్గర పడవగా మారి గస్తీ లెక్కల్లోకి వస్తుందన్నమాట.

ఇందాకటి 3 టన్నుల ఆట గుర్తుందా? అందులో స్మగ్లర్ ఎత్తును నిర్ణయించేది గస్తీ ఒక్కటే కాదు, వాడికొచ్చే లాభం కూడా. 2024 జులై బడ్జెట్లో బంగారం దిగుమతి సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గింది. కిలో బంగారం దొంగచాటుగా తెస్తే మిగిలేది ఒక్కరోజులో సగానికి పైగా కోసుకుపోయింది. ఒక్క నౌక కదలకుండానే ఆట మారింది!

ఇక 2008 నవంబరు ముంబయి దాడుల తర్వాత మన తీరం వెంట, దీవుల్లో తొలివిడతగా 46 చోట్ల రాడార్లు, కెమెరాలు పెట్టారు. చేపల పడవలకు రాష్ట్రానికో రంగు వేయించారు. మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చారు. లక్ష పడవలకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024లో మొదలైంది. తుపాను హెచ్చరికల కోసం, ఆపదలో కబురు పంపడం కోసం ఉద్దేశించిన ఈ పరికరం గస్తీకీ ఉపయోగమే. 'నేను ఫలానా' అని చెప్పుకున్న ప్రతి పడవా అనుమానాల పటంలోంచి చెరిగిపోతుంది. అప్పుడు వెతకాల్సినవి తగ్గుతాయి.

అయిదో పడవలో ఎవరు?

పటం ఎంత బాగా గీసినా చివరికి అది చెప్పేది శాతమే. ఒక పడవ మీద 80 శాతం అనుమానం ఉందంటే అర్థం... అలాంటి అయిదు పడవల్లో ఒకటి నిరపరాధులది. అందులో వల, ఐసుపెట్టె, అన్నం గిన్నె తప్ప ఏమీ ఉండవు. ఆ అయిదో పడవను ఆపి సోదా చేస్తే పోయేది గంటసేపు. జవాన్లు ఎక్కి చూస్తారు, 'వెళ్లండి' అంటారు. 80 శాతం కాస్తా సున్నా అవుతుంది. అదే సోదాకు ముందే తుపాకీ పేలితే?

పేలిన సందర్భాలున్నాయి. 2008 నవంబరులో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ తబర్ ఒక ఓడను దొంగల ఓడగా భావించి ముంచేసింది. తమ మీద కాల్పులు జరిపినందుకే ఎదురు కాల్పులు జరిపామని నౌకాదళం చెప్పింది. తర్వాత తెలిసింది, అది సోమాలియా దొంగలు హైజాక్ చేసిన థాయ్‌లాండ్ చేపల ఓడ అని. చేపలు పట్టేందుకు వచ్చిన సిబ్బంది అందులోనే ఉన్నారు. బతికి బయటపడినట్టు తెలిసింది ఒక్కరే. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో 'ఎన్రికా లెక్సీ' అనే ఇటలీ చమురు నౌక మీదున్న సైనికులు ఒక చేపల పడవను దొంగలదని అనుమానించి కాల్చారు. ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. 10 కోట్ల రూపాయల పరిహారంతో ఆ కేసు 2021లో ముగిసింది.

అమెరికా 2025 సెప్టెంబరు 2 నుంచి ఈ ఆట నియమాలనే మార్చేసింది. కరీబియన్‌లో, తర్వాత తూర్పు పసిఫిక్‌లో మత్తుమందులు తీసుకెళుతున్నాయన్న పడవల్ని ఆపి సోదా చేయడానికి బదులు ఆకాశం నుంచే పేల్చివేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాది ముగిసేసరికి వందమందికి పైగా చనిపోయారు. వాళ్లంతా మత్తుమందుల ఉగ్రవాదులని అమెరికా ప్రభుత్వం అంటోంది. చనిపోయినవారిలో మత్స్యకారులున్నారని కొలంబియా అధ్యక్షుడు గుస్తావో పెట్రో ఆరోపించారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల అధిపతి ఫోల్కర్ టర్క్ ఈ దాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమన్నారు. పేలిపోయిన పడవలో ఏముందో లెక్కగట్టడం ఏ గణితానికీ సాధ్యం కాదు. సోదా ఉన్నప్పుడు మాత్రమే పటం తన తప్పును తాను తెలుసుకోగలుగుతుంది. 'దొరకలేదు' అన్న సమాచారం కూడా అప్పుడే అందుతుంది.

2024 నవంబరు 23న అండమాన్ సముద్రంలో బారెన్ దీవి దగ్గర మన కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానానికి ఒక చేపల పడవ కదలికలు తేడాగా కనిపించాయి. వేగం తగ్గించమని పైలట్ హెచ్చరించాడు. దగ్గర్లోని గస్తీ నౌకలకు కబురెళ్లింది. అవి వచ్చి పడవను పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకెళ్లాయి. ఒడ్డుకు చేరాక తెరిచి చూస్తే రెండేసి కిలోల ప్యాకెట్లు దాదాపు మూడు వేలు. అన్నింటిలోనూ మెథాంఫెటమిన్. పడవలో ఉన్న ఆరుగురు మయన్మార్ వాసులూ ప్రాణాలతో, చేతులకు బేడీలతో పోలీసుల ముందు నిలబడ్డారు.